గుర్రం మొహం, కొక్కెం గోళ్ళు

గుట్ట కింద డేరా,
వానలు వెలిసిన వారం

మామయ్యా,

పెట్టె రాగానే మూత పీకేయకు. ముందు ఇది చదువు. ఉత్తరం లేని పెట్టె ఉప్పు లేని కూర లాంటిదని నాకు చిన్నప్పుడే నూరిపోసింది నువ్వే. అందుకే ఎముకల కంటే ముందు నా సోది భరించాలి.

మ్యూజియంలో కొత్త హాలు సంగతి చెప్పాను కదా. రాక్షసబల్లులు పోయాక ఈ భూమిని ఏలిన పాలిచ్చే జంతువుల హాలు. నువ్వు చేసిన మూడూ నిలబెట్టేశారు. గడ్డం నుంచి దంతాలు కిందికి వంగిన ఏనుగు, నోరే పారలాగా ఉన్న ఇంకో ఏనుగు, కాళ్ళతో నడిచే తిమింగలం. నడిమధ్య చోటు మాత్రం ఖాళీ. పెద్ద మేడం అక్కడ ఫ్యాక్టరీ బొమ్మ తెప్పించి పెడతానంటే, నేను అడ్డంపడి నీకు ఇప్పించాను. చలికాలం వెళ్ళేలోగా ఇవ్వాలి. తేడా వస్తే నీకు పని పోతుంది, నాకు పరువు పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. మేం రాతిలోంచి గీకి తీసిన ఎముకలకు ప్లాస్టర్ అచ్చులు పోసి పంపుతున్నాం. జంతువులు రెండు. మొదటిది ఆకులు తినేది. మొహం అచ్చం గుర్రం. మెడా, కాళ్ళూ ఉన్నాయి, కాలి వేళ్ళు మాత్రం దొరకలేదు. గిట్టలు నువ్వే ఊహించి పెట్టు. రెండోదానికి వేళ్ళూ గోళ్ళూ తప్ప ఇంకేమీ లేవు. గుట్టకు అవతలి పక్క, ఒక మాంసాహారి పన్ను పక్కన దొరికాయి. అది మొదటిదాన్ని వేటాడేదని మా పెద్దాయన (ఇక్కడ తవ్వకమంతా నడిపించేది ఆయనే) తేల్చారు. కాబట్టి ఒకటి పరిగెడుతున్నట్టు, ఇంకొకటి తరుముతున్నట్టు చెయ్యి.

పెట్టెలు చాలక ఇందులో పుర్రె ఒక్కటే పెట్టాను, మిగతావి రెండు జంతువులవీ కలిపి ఇంకో పెట్టెలో సర్ది పంపుతాను. ఎర్ర చుక్క పెట్టినవి ఆకులు తినేదానివి, ఆకుపచ్చ చుక్క పెట్టినవి దాన్ని తినేదానివి. తిరకాసుగా ఉందని నవ్వకు, సీసాలో ఆ రంగులే మిగిలాయి.

నీ మేనకోడలు

*

బొమ్మల షెడ్డు,
ఆదివారం

చిట్టితల్లీ,

చేతిరాత చూసి కంగారుపడకు. మణికట్టు బెణికింది. నేను చెబుతుంటే మీ అత్తయ్య రాస్తోంది.

(బెణికిందట. – అత్తయ్య)

పుర్రె తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టించాను, అదీ చల్లారిపోయింది. ఎంత పొడుగు మొహమే! ముక్కు దగ్గర మొదలుపెట్టి వేళ్ళు పోనిస్తూ ఉంటే చెవి దాకా రావడానికి ఒక ప్రయాణం చేసినట్టుంది. పై దవడ పళ్ళ మీద గట్లూ లోయలూ ఉన్నాయి. ఆకులు నమిలి నమిలి ఒక పక్క బాగా అరిగాయి. ఎడమ పక్క ఎక్కువ నమిలేది అనుకుంటా, మీ తాతయ్యలాగే.

కంటి గుంటలో బొటనవేలు పెట్టాను. అక్కడే ఆగిపోయాను. ఈ గుంటలో ఉన్న కన్ను మనుషులెవరూ లేని లోకాన్ని చూసింది తల్లీ. ఇల్లు లేదు, దారి లేదు, దీపం లేదు. అడవీ ఆకాశం తప్ప ఏమీ తెలియని కన్ను. ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా జంతువులు చేస్తున్నాను కానీ, ఇలా ఎప్పుడూ అవలేదు.

రెండు చట్రాలకు ఇనప ఊచలు వంచడానికి వెల్డింగ్ అతనికి కబురు పెట్టాను. మిగతా ఎముకలు పంపు.

నీ మామయ్య

*

గుట్ట కింద డేరా,
ఎండ బాగా కాస్తున్న రోజు

మామయ్యా,

మణికట్టుకు మందు పంపుతున్నాను, పెట్టెలో గడ్డి కింద ఉంది. రాసుకోకపోతే అత్తయ్య నాకు చెబుతుంది.

మిగతా అచ్చులన్నీ ఇందులోనే ఉన్నాయి. ముందు కాలి ఎముకలు చూడు, ఎంత పొడుగో. వెనక కాళ్ళేమో పొట్టి. వీపు మెడ దగ్గర ఎత్తుగా మొదలై తోక దాకా జారిపోతుంది. ఇలాంటి ఒళ్ళుతో ఎలా పరిగెత్తిందో మాకెవరికీ అంతుపట్టడం లేదు. పెద్దాయన రోజుకొక బొమ్మ గీసి చింపేస్తున్నారు.

గోళ్ళు కూడా చూడు. కొక్కేల్లా వంగి ఉంటాయి. ఒక్కో గోరు ఎముక కొస మధ్యలో చీలి ఉంటుంది. ఒకదాన్ని రాతిలోంచి విడిపించడానికి నాకు నెలంతా పట్టింది. సూదితో గీకుతూ, కుంచెతో దులుపుతూ, ఒకరోజు ఆఖరి ఇసుక రేణువు రాలిపోయింది. ఎండ దాని మీద పడింది. ఎన్ని లక్షల ఏళ్ళకు మళ్ళీ ఎండ తగిలిందో లెక్కవేయబోయి మానేశాను. అక్కడే చతికిలబడి చూస్తూ ఉండిపోయాను. నాకు ఏడుపొచ్చింది మామయ్యా. బాధ కాదు. అంత పాతది అంత దగ్గరగా ఉంటే తట్టుకోవడం చేతకాక.

రంగుల అట్టలు కూడా పెట్టాను. గుర్రం మొహందానికి ఏ రంగు వేద్దామనుకుంటున్నావో దాని మీద టిక్కు పెట్టి పంపు. మేడం ముందే చూడాలట.

నీ మేనకోడలు

*

బొమ్మల షెడ్డు,
పెట్టె వచ్చిన మూడోనాడు

చిట్టితల్లీ,

రంగు సంగతి తర్వాత చూద్దాం. తొందరేముంది.

పెట్టె బల్ల మీద గుమ్మరించి ముందు కాలు కూర్చాను. గిట్టలు ఊహించి పెట్టమన్నావు కానీ, వేళ్ళు కూడా పంపావు, మర్చిపోయావా? ఊహించే పనే లేకుండా పోయింది. అరచేతి ఎముక కొసన ఉన్న గుండు, వేలి ఎముక గుంటలో డబ్బాకు మూత పట్టినట్టు పట్టింది. పక్క వేలూ అంతే. అన్నీ అంతే. ఎక్కడా ఆకురాయి పెట్టి అరగదీయాల్సిన అవసరం రాలేదు.

కానీ అవి గిట్టలు కావే అమ్మాయీ, కొక్కేలు! గుర్రం మొహానికి కొక్కేల గోళ్ళు! ఆకులు తినే మహాతల్లికి ఇంతేసి గోళ్ళెందుకని రాత్రంతా ఆలోచించి పొద్దున లేచి నవ్వుకున్నాను. కొమ్మలు వంచుకోవడానికి! వెనక కాళ్ళ మీద చతికిలబడి, పొడుగు చేతులు పైకి చాచి, కొక్కెంతో కొమ్మను లాక్కుని తినేది. ఇలాంటి జీవి ఈ నేల మీద నడిచిందా? దేవుడికి ఒకరోజు తీరిక దొరికి, మిగిలిన ముక్కలన్నీ కలిపి చేసినట్టుంది.

అన్నట్టు, రెండో జంతువు వేళ్ళూ గోళ్ళూ ఇంకా పంపలేదేం? చట్రం ఊరికే నిలబడి ఉంది.

నీ మామయ్య

(ఈయన సంబరం చూడలేకపోతున్నాను. – అత్తయ్య)

*

గుట్ట కింద డేరా,
ఉత్తరం అందిన పూటే

మామయ్యా,

ఎంత పని చేశావు! రెండో జంతువును మొదటిదానికి అతికించేశావు. ఇంక రెండోది ఎక్కడి నుంచి వస్తుంది? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే. ఎర్ర చుక్కనూ ఆకుపచ్చ చుక్కనూ పక్కపక్కన పెడితే పసిపిల్లలైనా విడదీస్తారు. నీ అంత వాడివి ఎలా కలిపేశావు?

వచ్చే వారం షెడ్డుకు మనిషిని పంపి పని ఎంతవరకూ వచ్చిందో కనుక్కుంటానని మేడం కబురు చేసింది. ఈ అవతారాన్ని చూస్తే మనిద్దరినీ కలిపి బయటికి పంపుతుంది. దయచేసి వెంటనే విప్పెయ్యి.

మేనకోడలు

*

గుట్ట కింద డేరా,
మర్నాడు

మామయ్యా,

నిన్నటి ఉత్తరం చింపెయ్యి. చేతిలో ఉంటే పొయ్యిలో పెట్టు.

నీది తప్పని రుజువు చేసి నీకు రాద్దామని, పొద్దున్నే అసలు ఎముకలున్న సొరుగు లాగాను. అచ్చులు కాదు, అసలువి. గుర్రం మొహందాని అరచేతి ఎముక ఎడమ చేతిలో పట్టుకున్నాను, గోళ్ళదాని వేలి ఎముక కుడి చేతిలో. దగ్గరకు తెచ్చాను. టక్కుమని కూర్చుంది.

నేను అరిచిన అరుపుకు పెద్దాయన టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చారు. తనూ విప్పి, మళ్ళీ పెట్టి, మళ్ళీ విప్పి చూశారు. తర్వాత స్టూలు మీద కూర్చుండిపోయి, కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టారు. పూర్వం వేరే చోట్ల పండితులు కూడా ఇలాంటి జంతువు దగ్గరే ఇలాగే మోసపోయారట. తల ఒకదానిది, గోళ్ళు ఇంకొకదానివి అనుకుని రెండు పేర్లు పెట్టుకున్నారట. "పుస్తకంలో చదివి నవ్వుకున్నానమ్మా, నా ఇంట్లోనే అదే జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను" అన్నారు. ఆ పన్ను వేరే ఏదో జంతువుది, శవం తినడానికి వచ్చి పోగొట్టుకుని ఉంటుందట.

ఇంకా విను. గోళ్ళు నేలకు తగిలితే అరిగిపోతాయి కదా, ఇవి అరగలేదు. వేళ్ళ కణుపులు మాత్రం లావుగా, మొద్దుగా ఉన్నాయి. అంటే గోళ్ళు లోపలికి ముడుచుకుని, గొరిల్లాలాగా పిడికిళ్ళ మీద నడిచింది. గుర్రం తల, పొడుగు చేతులు, జారుడు వీపు, పిడికిళ్ళ మీద నడక. మధ్యాహ్నం మేమెవరం అన్నం తినలేదు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కూడా. పక్క గదిలో ఎవరో పెద్దమనిషి నిద్రపోతున్నట్టు మెల్లగా నడుస్తున్నాం.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. బెణికిన మణికట్టుతో ఆ కాలంతా ఎలా కూర్చావు? రంగుల అట్టలు టిక్కు లేకుండానే తిరిగొచ్చాయి. నువ్వు రాసే ప్రతి మాటలోనూ వేళ్ళే ఉన్నాయి.

మామయ్యా, నీకు చుక్కలు కనిపించాయా?

*

బొమ్మల షెడ్డు,
గురువారం

చిట్టితల్లీ,

కనిపించలేదు.

చుక్కలున్నాయని నీ ఉత్తరంలో విన్నాను. మీ అత్తయ్య రంగులు చెబుతానంది. నేనే, వద్దు, ఏది దేనిదో నా చేతులకు తెలుసు అని పంతం పట్టాను. దొంగకు తేలు కుట్టినట్టు ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

కంటి డాక్టరు నడిమధ్య మచ్చ అన్నాడు. రెండు కళ్ళకూ ఉందట. ఎదురుగా చూస్తే మనిషి ఉండడు. పక్కకు చూస్తే అంచున కాస్త ఉంటాడు. మీ అత్తయ్య మొహం చూడాలంటే నేను గోడ వైపు చూడాలి.

(నన్ను చూడటం మానేసి గోడను చూడటం ఈయనకు ఎప్పటినుంచో అలవాటే. – అత్తయ్య)

ఇది ఇంకా పెరుగుతుందట. తగ్గదట. ఆ మాట విన్నరోజు షెడ్డుకొచ్చి మట్టిలో చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకు భయమేసింది తల్లీ. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, నడిమధ్య చోటు నాదేనని. ఈ ఒక్క పనీ చేసి ఆపేద్దామనుకున్నాను. చెబితే లాగేసుకుంటారని చెప్పలేదు.

ఇప్పుడు నువ్వే చెప్పెయ్యి. మేడం ఫ్యాక్టరీ బొమ్మ తెప్పించుకుంటే నేనేమీ అనుకోను. నా పంతం కోసం నీ పరువు పోకూడదు. కాలు మాత్రం విప్పను. అది సరిగ్గా ఉంది.

నీ మామయ్య

*

మ్యూజియం వెనక గది,
చలి మొదలైంది

మామయ్యా,

ఈసారి ఊరికి వచ్చి రాస్తున్నాను. మేడం దగ్గరికి నేనే వెళ్ళాను, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ పెన్ను కింద పెట్టి, "చూపు సరిగా లేని మనిషి చేత జంతువును చేయిస్తామా?" అంది. తప్పుగా అనలేదు, నిజంగానే అడిగింది. నేను అన్నాను, "మేడం, ఈ జంతువును కళ్ళారా చూసిన మనిషి ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఆయన చేతే చేయిద్దాం" అని.

ఆవిడ కింద పెట్టిన పెన్ను మళ్ళీ తీసుకుంది. చివరికి, "చేయనివ్వండి. కానీ వచ్చాక నాకు నచ్చకపోతే హాల్లో పెట్టను" అంది. అంటే పని నీదే, చోటు మాత్రం ఇంకా నీది కాదు.

ఈ పెట్టెలో పాదాల అచ్చులు మళ్ళీ పోసి పంపుతున్నాను. చుక్కలు లేవు. ఎడమవాటికి ఒక గాటు, కుడివాటికి రెండు గాట్లు. గోరుతో తడిమితే తెలుస్తుంది. కళ్ళు మూసుకుని నేనే పరీక్షించాను, ఒక్కటీ తప్పలేదు. ఇన్నాళ్ళూ రంగు సీసాల కోసం ఎందుకు కొట్టుకున్నానో.

నీ మీద కోపం ఉంది. జంతువు గురించి కాదు. అలా మట్టిలో చేతులు పెట్టుకుని ఒక్కడివే కూర్చున్నందుకు.

నీ మేనకోడలు

*

బొమ్మల షెడ్డు,
చలి ముదిరింది

చిట్టితల్లీ,

గాట్లు బాగున్నాయి. నా వేళ్ళు వాటిని వెతుక్కుంటూ వెళ్తున్నాయి.

నడక అర్థం కావాలని షెడ్డులో పిడికిళ్ళు నేలకానించి నాలుగు కాళ్ళ మీద నడిచాను. మోకాళ్ళు కొట్టుకుపోయాయి కానీ, భుజం ఎక్కడ పైకి లేస్తుందో, బరువు ఎక్కడ ఆగుతుందో తెలిసింది.

(వెల్డింగ్ అతను అప్పుడే వచ్చాడు. ఈయనను చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. – అత్తయ్య)

జనపనార, ప్లాస్టర్, దాని మీద కాగితం గుజ్జు. చర్మం ముడతలు కుంచెతో కాక వేళ్ళతోనే తీశాను. మోచేతి మడతకు నా మోచెయ్యే తడిమి చూసుకున్నాను, మెడ మడతకు మీ అత్తయ్య నాలుగు వీధుల అవతల పాలబండి గుర్రాన్ని చూపించింది. అది ముసలిది, కదలకుండా నిలబడి తడమనిచ్చింది. దానికీ ఒక కన్ను పోయిందట. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని బండివాడు దాని మూతికి సంచీ తగిలిస్తూ అన్నాడు. మీ అత్తయ్య నా వైపు చూసి ఉంటుంది. నాకు కనిపించలేదు, కానీ తెలిసింది. ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

నిన్న అంతా అయిపోయింది. దాని పక్కన నిలబడి చెయ్యి పైకెత్తితే దవడ కింద తగులుతుంది. నేను చేసిందే కదా, అయినా కాస్త వెనక్కి జరిగాను. పెద్దవాళ్ళ ఎదుట జరిగినట్టు.

రంగు వేయలేదు. తెల్లగానే పంపుతున్నాను. వేయాల్సింది నువ్వు. రంగు ఎవరికీ తెలియదని మీ పెద్దాయన కూడా ఒప్పుకుంటాడు. ఎముకలు ఆ ఒక్కటీ దాచుకున్నాయి. నా ఆఖరి జంతువు ఇది, నీ చెయ్యి కూడా పడితే బాగుంటుంది.

నీ మామయ్య

*

మ్యూజియం వెనక గది,
చలికాలం చివర

మామయ్యా,

లారీ వచ్చింది. చెవి కొస ఒకటి విరిగింది, అతికించాను.

రంగు వెయ్యమని నా నెత్తిన ఎంత పెద్ద బండ పెట్టావు! నేను గీకేదాన్ని, వేసేదాన్ని కాదు. ఉన్నదాని మీద ఉన్న దుమ్ము తీయడమే నాకు తెలిసిన విద్య. లేనిది ఎలా పెట్టను? వారం రోజులు కుంచె పట్టుకుని దాని చుట్టూ తిరిగాను. చారలు పెడదామనుకున్నాను, మచ్చలు పెడదామనుకున్నాను. ఏది పెట్టినా అబద్ధం చెబుతున్నట్టే అనిపించింది. చివరికి ఒకరోజు దాని మోచేతి మడతలో నీ వేలిముద్ర కనిపించింది. అప్పుడు తెలిసింది ఏ రంగు వేయాలో. మూడు రోజుల్లో పూర్తి చేశాను.

రంగు ఏమిటో రాయను. వచ్చి అడుగు.

మేడం నిన్న వచ్చింది. దాని ఎదుట నిలబడింది. చేతిలో ఫైలు ఉంది, తెరవలేదు. "నడుస్తుందేమో అనిపిస్తోంది" అని మెల్లగా అంది. వెళ్తూ వెళ్తూ నడిమధ్య చోటు తుడిపించమని మనిషికి చెప్పింది.

చోటు నీదే మామయ్యా. హాలు తెరిచే రోజుకు అత్తయ్యను తీసుకుని రా.

నీ మేనకోడలు

*

బొమ్మల షెడ్డు,
తిరిగొచ్చిన మర్నాడు

చిట్టితల్లీ,

ఇది నా చేతిరాతే. వరసలు కొండలెక్కితే సర్దుకో. మీ అత్తయ్య రాస్తానంది, ఈ ఒక్కటీ నేనే రాస్తానన్నాను.

నిన్న హాల్లో అంతమంది ఉన్నారు కదా, నాకు గుంపు గుంపుగా మసక తప్ప ఏమీ లేదు. కానీ శబ్దం విన్నాను. జనం మాట్లాడుకుంటూ వస్తారు, నడిమధ్యకు రాగానే ఆ మాట ఆగిపోతుంది. ప్రతి ఒక్కరిదీ ఆగింది. నేను పక్కనే నిలబడి ఆ ఆగడం వింటూ ఉన్నాను. నా జన్మలో అంత మంచి మాట ఎవరూ నాతో అనలేదు.

ముట్టుకోవద్దని బోర్డు ఉందట, తాడు కట్టారట. మీ మేడమే తాడు ఎత్తి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పిడికిలి తడిమాను. ముడుచుకున్న గోళ్ళు తడిమాను, నువ్వు నెలంతా గీకిన చీలికతో సహా. ఇంత పాత ప్రాణి ముందు నేనూ, ఆవిడా, కళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరం ఒక్కటే అనిపించింది. ఎవరం చూశాం గనక దాన్ని?

అప్పుడు నిన్ను రంగు అడిగాను. నువ్వు నా చెవిలో చెప్పావు. తడి మట్టి రంగు, పొద్దున్నే నీ చేతులకు ఉండే రంగు, అని. అక్కడ అందరి ఎదుటా ఏడవకూడదని ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. మీ అత్తయ్య సాక్షి.

ఆ రంగు నాకు కనిపించింది తల్లీ. మచ్చ మధ్యలో కూడా కనిపించింది. అంచున కాదు, ఎదురుగా.

ఆఖరి జంతువు అన్నాను కదా, ఆ మాట తీసెయ్యి. రెండో చట్రం ఇంకా ఊరికే నిలబడి ఉంది. గుట్టలో ఇంకేం దొరికిందో పెట్టెలో సర్ది పంపు. చుక్కలొద్దు, గాట్లు పెట్టు.

నీ మామయ్య